కోఠీలో పాత కెమెరా బేరం ఆడేముందు

ఒరేయ్ శీనూ,

పాత డిజిటల్ కెమెరా కొంటానంటే భలే సంతోషమేసిందిరా. నా ఓటు నికాన్ డి90కే. 2008లో వచ్చింది, 12.3 మెగాపిక్సెల్. ఏ3 సైజు ప్రింటు వేసినా అంగుళానికి 260 చుక్కల దాకా దక్కుతాయి, ఇంట్లో గోడకి అది చాలు. పైగా బాడీలోనే ఫోకస్ మోటారుంది. డి40, డి60, డి3000, డి5000లలో అది లేదు. వాటికి 50 ఎంఎం 1.8డి లాంటి చవకైన పాత లెన్సు పెడితే చేత్తో ఫోకస్ తిప్పుకోవాల్సిందే.

కోఠీకి గాని, ఆదివారం ఎర్రగడ్డ సంతకి గాని వెళ్తే వెలుతురుండగానే వెళ్ళు. నీ మెమరీ కార్డు పట్టుకెళ్ళు, 32 జీబీకి మించొద్దు. చిన్న టార్చి కూడా.

ముందు లెన్సు చూడు. అన్నిటికన్నా ఎక్కువ మోసపోయేది అక్కడే. డి90తో వచ్చే 18-105 లెన్సుని బాడీ నుంచి తీస్తే, వెలుతురు ఎంత లోపలికి పోవాలో ఆపే లోపలి రెక్కలు మూసుకుని ఉంటాయి. వెనక చిన్న మీట ఉంటుంది, దాన్ని వేలితో జరిపి రెక్కలు తెరిచి పట్టుకుని, అవతలి నుంచి టార్చి వెయ్యి. సాలెగూడు పోగుల్లా కనిపిస్తే అది బూజు, వదిలేయ్. ముదిరితే గాజు మీది పూతని తినేస్తుంది, తుడిచినా మచ్చ పోదు. నాలుగు దుమ్ము రేణువులుంటే మాత్రం పట్టించుకోకు, ఫొటోలో కనిపించవు. ఈ లెన్సు మౌంటు, అంటే బాడీకి బిగించే చుట్టు, ప్లాస్టిక్‌ది, కాబట్టి బిగించాక వదులుగా ఊగుతోందేమో కదిపి చూడు.

తర్వాత సెన్సరు, అంటే బాడీ లోపల బొమ్మ పట్టే పలక. పైన చక్రాన్ని ‘A’ అక్షరం మీదికి తిప్పి, ఐఎస్ఓ (వెలుతురుకి స్పందించే అంకె) 200, ఎఫ్/22 పెట్టు. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సు రెక్కలు మూసుకుంటాయి. ఫోకస్ మాన్యువల్‌లో దూరానికి తిప్పి, షాపు బయటికొచ్చి ఆకాశాన్ని తియ్యి. స్క్రీన్ మీద పెద్దది చేసి మూలమూలా చూడు. బూడిదరంగు మసక చుక్కలు దుమ్మువి, గాలి బల్బుతో ఊదితే చాలావరకు పోతాయి. నోటితో మాత్రం ఊదొద్దు, తుంపర పడుతుంది. ఊదినా కదలని సన్నటి గీత ఉంటే బేరం వద్దు.

అదే మోడ్‌లో తెల్ల గోడని ఎఫ్/8లో ఒకటి, ఎఫ్/16లో ఒకటి తియ్యి. రెండూ ఒకే వెలుగులో రావాలి. ఎఫ్/16 బాగా తెల్లబోతే లెన్సు రెక్కలు సరిగా మూసుకోవట్లేదన్నమాట. ఇక ‘M’ మోడ్‌లో షట్టర్ వేగం సెకనులో 1/4000 వంతు పెట్టి ఎండ పడే గోడ తియ్యి. ఒక అంచు నల్లబడితే షట్టర్ తెరలు (సెన్సరు ముందు తెరుచుకుని మూసుకునేవి) తేడాగా నడుస్తున్నాయి. ట్యూబ్‌లైట్ కింద ఈ పరీక్ష చెయ్యకు, ఆ దీపం మినుకే చారలు వేస్తుంది, మంచి కెమెరాని కూడా అనుమానిస్తావు.

షట్టర్ ఎన్నిసార్లు కొట్టిందో నికాన్ జేపెగ్ ఫొటోలోనే రాసి ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం చూపిస్తుంది. ఫైలు నంబరు నమ్మకు, 9999 దాటాక మళ్ళీ మొదటికొస్తుంది. కంపెనీ పరీక్షించింది లక్షకి. అంటే లక్ష దాటగానే ఆగిపోతుందని కాదు, కాకపోతే ధర బాగా తగ్గాలి. నన్నడిగితే షట్టర్ ముప్పై వేలసార్లు కొట్టిన బూజు లెన్సు సెట్టు కన్నా ఎనభై వేలసార్లు కొట్టిన శుభ్రమైనదే మేలు.

ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడుతోందేమో చూడు. డి90 మెనూలో దాన్ని సరిదిద్దే వీలు లేదు, డి7000లో ఉంది. కాబట్టి పేపరు ఏటవాలుగా పెట్టి, ఒక వరుస మీద ఫోకస్ చేసి, ఆ వరుసే పదునుగా వచ్చిందో లేదో అక్కడే తేల్చుకో.

బ్యాటరీ సంగతి తేలిక. సెటప్ మెనూలో బ్యాటరీ ఇన్ఫో తెరిస్తే దాని వయసు 0 నుంచి 4 దాకా చూపిస్తుంది. 4 ఉంటే కొత్తది కొనాల్సిందే, ఆ డబ్బు బేరంలో తగ్గించమను. బ్యాటరీ ఉబ్బి గదిలో ఇరుక్కుంటోందేమో ఒకసారి తీసి పెట్టి చూడు. గడియారం గుర్తు మిణుకుమంటే కంగారుపడకు, లోపలి చిన్న బ్యాటరీ పెద్దదాంతోనే ఛార్జవుతుంది. వెనక బొటనవేలు దగ్గర రబ్బరు లేచి ఉంటే టేపుతో అతుక్కుంటుంది, బేరానికి పనికొస్తుంది.

కొన్నాక గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ వేసి దాచు, వానాకాలంలో మరీ ముఖ్యం. నీలం రంగు గింజలు గులాబీకి మారితే ఎండబెట్టు. నువ్వు పంపే తొలి ఫొటో కోసం చూస్తుంటా.

ఇట్లు,
నీ మోహన్