అక్షరం పెద్దది చేస్తే సరిపోదు

సంపాదకుల వారికి,

చూపు లేని, చూపు తక్కువైన బడి పిల్లలందర్నీ ఒకే గాటన కట్టి సగటు తీసే పరిశోధనలు ఇంకా వస్తూనే ఉన్నాయి. పరీక్షలో ఎంత అదనపు సమయం ఇవ్వాలి, ఏ సైజు పుస్తకం ఇవ్వాలి అనేవి ఆ సగటును బట్టే తేలుస్తున్నారు. అదే మా బాధ.

ఇద్దరు పిల్లలకు అద్దాలు పెట్టాక కూడా చూపు 6/60 అనుకుందాం, అంటే మామూలు చూపున్నవాళ్లు 60 మీటర్ల నుంచి చూడగలిగింది వీళ్లు 6 మీటర్ల దగ్గరికి వస్తేనే చూడగలరు. ఒకరికి రెటీనా (కంటి వెనక బొమ్మ పడే పొర) నడిమి భాగం దెబ్బతింది. అక్షరం పెంచితే చదవగలడు. రెండోవాడికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే రెటీనా జబ్బు. చుట్టూ చూపు పోయి గొట్టంలోంచి చూసినట్టుంటుంది. అక్షరం పెంచేకొద్దీ ఆ గొట్టంలో రెండు మూడు అక్షరాలే పడతాయి, మాట మొత్తం అందదు, వేగం పడిపోతుంది. ఒకరి లాభంలోంచి ఇంకొకరి నష్టం తీసేస్తే, పెద్దక్షరాల వల్ల తేడా లేదని తేలుతుంది. అది ఇద్దరి విషయంలోనూ తప్పే.

అసలు ‘పెద్దక్షరం’ అంటే ఎంత? ఏ4 పేజీని ఏ3కి జిరాక్స్ తీస్తే వచ్చేది 141 శాతమే. 12 పాయింట్ల (అచ్చక్షరం సైజు కొలత) అక్షరం 17 అవుతుంది, అంతే. పైగా 10 సెంటీమీటర్ల దగ్గర పెట్టుకుని చదివే పిల్ల అంత వెడల్పు కాగితం మీద ప్రతి వరుసకీ తల ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. కింది వరుసకు వచ్చేసరికి ఎక్కడున్నదో తప్పిపోతుంది. కాగితం సగం దూరానికి జరిగితే కంటికి అక్షరం రెట్టింపవుతుంది కాబట్టి, దూరం రాయకుండా పాయింట్లు మాత్రమే రాస్తే ఆ అంకెకు విలువ లేదు.

కొలవడం కష్టమేమీ కాదు. వాక్యాల సైజు మెట్టుమెట్టుగా తగ్గిస్తూ నిమిషానికి ఎన్ని మాటలు చదివారో రాసుకోవాలి. వేగం ఏ సైజు దగ్గర జారుతుందో చూసి, అంతకన్నా పై సైజు ఇవ్వాలి. ఇరవై నిమిషాలు చదివించి మళ్లీ కొలవాలి. మెడ, కళ్లు అలిసిపోయాక వచ్చే వేగమే పరీక్ష హాల్లో ఉండే వేగం. ఆల్బినిజం (పుట్టుకతోనే ఒంట్లో, కంట్లో రంగు తక్కువగా ఉండడం) ఉన్న పిల్లలను కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టి కొలిస్తే తెలిసేది వాళ్ల కళ్లు వెలుతురు తట్టుకోలేకపోవడమే గాని చదువు కాదు. ఉబ్బెత్తు చుక్కలను వేళ్లతో తడిమి బ్రెయిల్ చదివేవాళ్ల విషయంలో చూపు ఎప్పుడు పోయింది, బ్రెయిల్ ఏ వయసులో మొదలుపెట్టారు అన్నది తప్పక రాయాలి.

పిల్లలు కొద్దిమందే దొరుకుతారన్నది నిజమే. అలాంటప్పుడు ఒక్కొక్కరినీ వాళ్లతోనే పోల్చాలి: మార్పుకు ముందు నాలుగైదుసార్లు, తర్వాత నాలుగైదుసార్లు.

ఇలాంటి ఫలితాలు అచ్చువేసేటప్పుడు సగటు పక్కనే ఎంతమంది మెరుగయ్యారు, ఎంతమంది వెనకబడ్డారు, వాళ్ల కంటి జబ్బు ఏమిటి అని అడిగి వేయవలసిందిగా మనవి.

ఇట్లు,
ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు