ప్రసంగానికి కత్తెర వేసే అధికారం నిర్వాహకులకు లేదు

సంపాదకులకు నమస్కారములు.

మన డెల్టాలో వరి, ఆక్వా, మురుగు కాలువల సమస్యల మీద సదస్సులు తరచుగా జరుగుతున్నాయి. జరగవలసినవే. అయితే ఏం మాట్లాడాలన్న విషయంలో వక్తలకూ వారిని పిలిచిన నిర్వాహకులకూ మధ్య పేచీలు పెరుగుతుండటం, అందులో నష్టపోయేది వినడానికి వచ్చిన రైతే కావడం బాధ కలిగిస్తోంది.

ఇటీవల భీమవరంలో నేను హాజరైన ఒక సదస్సుకు, రొయ్యల చెరువుల ఉప్పునీరు పక్క వరి చేలలోకి ఊటగా దిగడం గురించి మాట్లాడేందుకు విశ్రాంత ఇంజనీరు ఒకరు వచ్చారు. చెరువు గట్టును ఆనుకున్న మడుల్లో వరి ఆకుల కొసలు తెల్లబడి ఎండిపోయిన ఫొటోలు ఆయన వెంట తెచ్చుకున్నారు. విరాళాలు ఇచ్చినవారిలో రొయ్యల మేత వ్యాపారులు ఉన్నందున వాటిని చూపవద్దని వేదిక ఎక్కేముందు తనకు చెప్పారని, తాను ఒప్పుకోలేదని తరువాత ఆయనే మాకు చెప్పారు. ముఖ్య అతిథుల ప్రసంగాలు సాగిసాగి ఆయనకిస్తామన్న అరగంట కాస్తా పది నిమిషాలైంది. సరిగ్గా ఫొటోల దగ్గరకు వచ్చేసరికి ముగించమని చీటీ అందింది. సావనీరులో ఆయన పేరుతో వ్యాసం వచ్చింది కానీ, ఉప్పునీటి భాగం మొత్తం ఎగిరిపోయింది. ఆయనకు ఒక్క మాటైనా చెప్పలేదు.

కాపీరైటు చట్టం, 1957 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ఇంకొకరి తరఫున మాట్లాడితే తప్ప, బహిరంగ ప్రసంగంపై తొలి హక్కు ప్రసంగించిన వ్యక్తిదేనని, సభ ఏర్పాటు చేసినవారి వద్ద ఆయన ఉద్యోగి అయినా సరే ఆ హక్కు మారదని 17వ సెక్షన్ చెబుతోంది. రచనను వక్రీకరించి రచయిత ప్రతిష్ఠకు భంగం కలిగిస్తే అడ్డుకునే హక్కును 57వ సెక్షన్ ఇచ్చింది. హాలు అద్దె, భోజనాలు, దారి ఖర్చులు భరించినంత మాత్రాన ప్రసంగం నిర్వాహకుల సొత్తు అయిపోదు.

ఇరవై నిమిషాలకు ఒప్పుకొని గంటసేపు మైకు వదలని వక్తలూ ఉన్నారు. వారిని ఆపడం న్యాయమే. విషయాన్ని కోసివేయడం మాత్రం వేరు సంగతి. ఒకే ఇంట్లో అన్న వరి వేస్తే తమ్ముడు చెరువు తవ్వే ప్రాంతం మనది కనుక గొడవ అవుతుందన్న భయం నిర్వాహకులకు ఉండవచ్చు. ఆక్వా రైతులకు అభ్యంతరం ఉంటే వారి తరఫున మరొకరికి అదే వేదికపై అంతే సమయం ఇవ్వవచ్చు కదా! 2011లో గిట్టుబాటు ధర లేక, ఖర్చులు భరించలేక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి పొలాలు బీడు పెట్టిన తరువాతే ప్రభుత్వం కారణాలు తెలుసుకునేందుకు విశ్రాంత ఐఏఎస్ అధికారి మోహన్ కందా కమిటీని వేసింది. పరిస్థితి అంతదాకా రాకముందే రైతు బాధ నలుగురికీ వినిపించాలనే కదా సదస్సులు పెట్టుకునేది!

ఇకనైనా సమయమెంత, స్లైడ్లు ముందుగా ఎవరు చూస్తారు, వీడియో తీసి యూట్యూబులో పెడతారా, విరాళాలు ఎవరివి అన్నవన్నీ ఆహ్వాన పత్రంలోనే రాయాలి. సమ్మతం లేని వక్త రానని ముందే చెబుతారు. వ్యాసం అచ్చుకు వెళ్లే ముందు ప్రూఫు రచయితకు పంపడం తప్పనిసరి చేయాలి. భీమవరం సదస్సు నిర్వాహకులు ఆ ఇంజనీరుగారి వ్యాసం పూర్తి పాఠాన్ని, ఫొటోలతో సహా, అనుబంధంగానైనా అచ్చువేసి సావనీరు అందుకున్న రైతులందరికీ పంపాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
పాలకొల్లు