పంక్ వట్టి గోల కాదు

సంపాదకులకు నమస్కారం.

పంక్ అనే హోరెత్తే రాక్ సంగీతాన్ని వట్టి గోలగా తేల్చేసిన మీ ఆదివారం వ్యాసం చదివి మనసు చివుక్కుమంది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో, జాతి విద్వేషానికి వ్యతిరేకంగా జరిగిన సంగీత సభలో ది క్లాష్ అనే బ్రిటిష్ పంక్ బృందం పాడింది. వీధిలో తిట్లు పడుతూ తల వంచుకుని నడిచే నాలాంటి తెలుగు కుర్రవాడికి అది ఎంత ధైర్యమిచ్చిందో! మరుసటి ఏడాది డిసెంబరులో వచ్చిన వారి ‘లండన్ కాలింగ్’ జంట రికార్డు ఒక్క రికార్డు ధరకే దొరికింది. అట్ట మీద బేస్ గిటారును నేలకేసి కొడుతున్న ఆ బృందం వాద్యకారుడు పాల్ సిమనన్. రెండో రికార్డు వెనక వైపు చివర, అట్ట మీద పేరైనా లేని పాట. నా ప్రతి ఇప్పుడు గీతలు పడి అక్కడక్కడా చిటపటలాడుతుంది. అయినా ఆ పాట వచ్చేదాకా లేవను.

– ఒక పాఠకుడు, విశాఖపట్నం