మోటార్ విభాగం వార్షిక నివేదిక: ట్రాక్‌కు వెళ్లిన కారు తిరిగి ఇంటికి రావాలి

సభ్యులందరికీ నమస్కారం.

బే ఏరియాలోని మన తెలుగు సంఘం మోటార్ విభాగం ఈ ఏడాది చేసిన పనులను, వచ్చే ఏడాదికి అనుకుంటున్న నియమాలను సర్వసభ్య సమావేశం ముందు ఉంచుతున్నాం. జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా ఇస్తారు.

సభ్యులు మమ్మల్ని ఎక్కువగా అడిగిన ప్రశ్న ఒక్కటే. రోజూ ఆఫీసుకు నడిపే స్పోర్ట్స్ కూపేని (రెండు తలుపుల కారుని) ట్రాక్ డేకి, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజుకి, తీసుకెళ్లాలంటే దానికి ఏం చేయించాలి? మా జవాబూ ఒక్కటే: వేడిని తట్టుకునేలా తయారు చేయండి. హార్స్‌పవర్ పెంచే ఖర్చు తర్వాత చూసుకోవచ్చు. ట్రాక్ మీద రోడ్డు కారును పాడుచేసేది వేగం కాదు, ఇరవై నిమిషాల పాటు తెరిపి లేకుండా పుట్టే వేడి. సోమవారం ఉదయం అదే కారులో పిల్లల్ని బడికి దింపాలి కాబట్టి ఈ మాట గట్టిగా చెబుతున్నాం.

ఎక్కడికి వెళ్లాం

మన సంఘం సొంతంగా ట్రాక్ అద్దెకు తీసుకోదు. అనుభవం ఉన్న క్లబ్బులు నడిపే శిక్షణ దినాల్లో సభ్యులు పేర్లు నమోదు చేసుకుంటారు. తనిఖీకి, తోడుకి, పనిముట్లకి విభాగం సాయం చేస్తుంది. కొత్త టొయోటా జీఆర్86 స్పోర్ట్స్ కూపే కొన్నవారికి నాసా సభ్యత్వం ఒక ఏడాది పాటు, ఒక శిక్షణ దినంతో సహా, ఉచితంగా వస్తుంది. ఈ నాసా అంతరిక్ష సంస్థ కాదు, నేషనల్ ఆటో స్పోర్ట్ అసోసియేషన్. ఈ సౌకర్యం ఉందని తెలియక వదులుకున్నవారు మనలో ఉన్నారు. కారు కాగితాలు ఒకసారి తీసి చూసుకోండి.

కొత్తవారిని ముందుగా థండర్‌హిల్‌కే తీసుకెళ్లాం. విల్లోస్ ఊరి దగ్గర 1993లో మొదలైన ఈ ట్రాక్ ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) శాన్‌ఫ్రాన్సిస్కో రీజియన్‌ది. తూర్పు ట్రాక్ 3 మైళ్లు, 15 మలుపులు. 2014లో వచ్చిన పశ్చిమ ట్రాక్ 2 మైళ్లు. చుట్టూ ఖాళీ నేల ఉంటుంది కాబట్టి, కారు రోడ్డు దాటినా చాలాచోట్ల మట్టిలోకి వెళ్లి ఆగుతుందే తప్ప గోడకు కొట్టుకోదు. మొదటి ట్రాక్‌గా దీన్ని ఎంచుకోవడానికి అదే కారణం. మాజ్డా రేస్‌వే అని 2018 దాకా పిలిచిన లగూనా సెకా 2.238 మైళ్లు, 11 మలుపులు. దాని పేరు ప్రపంచమంతా తెలుసు, రుసుమూ ఎక్కువే. ఎనిమిదో మలుపు కార్క్‌స్క్రూ దగ్గర నేల 450 అడుగుల దూరంలోనే 59 అడుగులు దిగిపోతుంది. బ్రేకు నొక్కే చోట దిగువనున్న రోడ్డు కనబడదు. రెండు మూడు ట్రాక్ దినాలు చూసినవారికే అది ఆనందంగా ఉంటుంది. సొనోమా 2.52 మైళ్లు, అక్కడ కాంక్రీటు గోడలు దగ్గరగా ఉంటాయి. కొత్తవారికి మేం దాన్ని సూచించం.

లగూనా సెకాలో మామూలు రోజుల్లో శబ్ద పరిమితి 90 డెసిబెల్స్. కంపెనీ సైలెన్సర్‌తో ఉన్న కూపేకి ఇబ్బంది ఉండదు. బయటి ఎగ్జాస్ట్ బిగించినవారు పరిమితి దాటితే నల్లజెండా చూపించి పిలుస్తారు, మళ్లీ దాటితే ఇంటికి పంపేస్తారు. కట్టిన డబ్బు తిరిగి రాదు.

బ్రేకులు

ఎక్కువ రాయాల్సింది దీని గురించే. జీఆర్86 బరువు సుమారు 1,280 కిలోలు. మనిషితో కలిపి 1,350 అనుకుందాం. థండర్‌హిల్‌లో మలుపుల్లేని పొడుగు దారిలో 110 మైళ్ల వేగం నుంచి 50కి దిగిన ప్రతిసారీ బ్రేకులు మింగే శక్తితో నాలుగు లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. ప్రతి చుట్టులో ఇలా గట్టిగా నొక్కే చోట్లు రెండు మూడు ఉంటాయి. రోడ్డు మీద ఇంత వేడి ఎప్పుడూ పుట్టదు. అందుకే సిటీలో ఏ లోపమూ లేని బ్రేకులు ట్రాక్ మీద నాలుగో చుట్టుకే చేతులెత్తేస్తాయి.

ఆ చేతులెత్తేయడం రెండు రకాలు. ఏది జరిగిందో కాలికి తెలుస్తుంది. పెడల్ గట్టిగానే ఉండి కారు ఆగకపోతే ప్యాడ్ (డిస్కును నొక్కి పట్టే ముక్క) తన హద్దు దాటి వేడెక్కిందని అర్థం. పెడల్ మెత్తబడి నేల దాకా పోతే ఫ్లూయిడ్ (కాలి బలాన్ని చక్రాలకు చేర్చే ద్రవం) మరిగింది. ద్రవాన్ని నొక్కితే కుదించుకోదు, ఆవిరి బుడగ కుదించుకుంటుంది. కాలి బలమంతా ఆ బుడగను నొక్కడానికే పోతుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే ముందు చుట్టు దాకా అంతా బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. ఈ ఏడాది థండర్‌హిల్‌లో పెడల్ మెత్తబడిన కార్లన్నింటిలోనూ పాత ఫ్లూయిడే ఉంది.

బ్రేక్ ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పట్టాక ఆ కనీసం 155కి పడిపోతుంది. రెండేళ్లుగా మార్చని కారు ట్రాక్‌కు వస్తే జరిగేది ఇదే. కొత్తది నింపినప్పుడు 300 డిగ్రీలు దాటేదాకా మరగని రేసింగ్ ఫ్లూయిడ్లు దొరుకుతాయి. పూర్తిగా మార్చడానికి ఒక లీటరు, గాలి తీయడానికి మాత్రమే అయితే అర లీటరు దగ్గర ఉంచుకోండి. డాట్ 5 సిలికాన్ రకం, దాన్ని మన కార్లలో పోయకూడదు. డాట్ 5.1 వేరు, అది పోయవచ్చు. మూత తీసి నెలల తరబడి అలమరలో ఉన్న డబ్బాను వాడకండి. ట్రాక్ దినానికి ముందు ఆరు నెలల లోపు మార్చి ఉండాలని చాలా క్లబ్బుల నియమం. మేం మూడు నెలలే అంటున్నాం.

ప్యాడ్ల మందం సగం కంటే తక్కువుంటే బయల్దేరవద్దు. ప్యాడ్ పలచబడేకొద్దీ వేడి నేరుగా ప్యాడ్‌ను తోసే పిస్టన్‌కు, అక్కడి నుంచి ఫ్లూయిడ్‌కు చేరుతుంది. అంటే పలచటి ప్యాడ్ తాను అరగడమే కాదు, ఫ్లూయిడ్‌నూ మరిగిస్తుంది. ట్రాక్ ప్యాడ్లు బిగించాక 60 మైళ్ల నుంచి 10కి పదిసార్లు వరసగా తగ్గించి, పూర్తిగా ఆపకుండా కొంతదూరం నడిపి చల్లార్చాలి. మధ్యలో ఆపితే ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఒకచోట అంటుకుని, తర్వాత స్టీరింగ్ వణుకుతుంది. అదే కారణంతో సెషన్ (ట్రాక్ మీద ఒక విడత నడపడం) అయ్యాక హ్యాండ్‌బ్రేక్ వేయకూడదు. గేరులో ఉంచి చక్రం కింద చెక్క పెట్టండి. డిస్కు మీద సన్నని గీతల్లాంటి పగుళ్లు మామూలే. పగులు అంచు దాకా వచ్చిందంటే ఆ డిస్కు పని అయిపోయినట్టే.

పెద్ద కాలిపర్ల (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగాల) కిట్ కొందామా అని అడిగిన సభ్యులకు మా అభిప్రాయం సూటిగా చెబుతున్నాం. 228 హార్స్‌పవర్ కూపేకి మొదటి ఏడాది మంచి ఫ్లూయిడ్, ట్రాక్ ప్యాడ్లు చాలు. మిగిలిన డబ్బు మరో శిక్షణ దినానికి పెట్టండి.

టైర్లు

థండర్‌హిల్, లగూనా సెకా రెండూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో నడుస్తాయి. ఎడమ మలుపులు ఎక్కువ కాబట్టి కుడివైపు టైర్లకే శ్రమ, అందులోనూ ముందు కుడి టైరుకు. థండర్‌హిల్ రెండో మలుపు చాలా పొడుగైన ఎడమ మలుపు. అక్కడ స్టీరింగ్ ఇంకా తిప్పినకొద్దీ కారు తిరగదు, టైరు భుజం మాత్రం చెక్కుకుపోతుంది. జీఆర్86, దాని జంట కారు సుబారు బీఆర్‌జెడ్, రెండింటి ముందు చక్రాలు కంపెనీ నుంచి దాదాపు నిటారుగా వస్తాయి. క్యాంబర్ (చక్రం నిలువు వంపు) మార్చే బోల్టులతో చక్రం పైభాగాన్ని రెండు డిగ్రీల దగ్గరికి లోపలికి వంచితే బయటి అంచు అరుగుదల కళ్లకు కనబడేంత తగ్గుతుంది. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) సరిచేయించకుండా క్యాంబర్ మాత్రమే మార్చుకుని వెళ్లకండి.

గాలి విషయానికొస్తే, చల్లగా 30 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టండి. సెషన్ అయ్యేసరికి ఆరు నుంచి ఎనిమిది దాకా పెరుగుతుంది. బండి ఆపిన వెంటనే కొలిచి, వేడిగా 36 నుంచి 38 మధ్య ఉండేలా దించుకోండి. టైరు పక్కన ఉండే చిన్న త్రికోణం గుర్తు మీద సుద్ద రాసి చూస్తే, త్రికోణం దాటి చెరిగితే గాలి తక్కువ, దాని దాకా రాకపోతే ఎక్కువ. సాయంత్రం చల్లబడ్డాక తిరిగి కారు తలుపు మీద రాసినంత నింపుకోవడం మరవొద్దు. తక్కువ గాలితో మూడు గంటలు ఫ్రీవేలో రావడం ట్రాక్ కంటే ప్రమాదం.

చక్రాల నట్లు బిగించాల్సింది జీఆర్86, బీఆర్‌జెడ్ రెండింటికీ 89 పౌండ్-అడుగులు. టార్క్ రెంచ్‌తో ఉదయం ఒకసారి, తర్వాత ప్రతి సెషన్‌కు ముందు చక్రం చల్లారాక చూడాలి. వేడి మీద బిగిస్తే రెంచ్ చెప్పే లెక్క నమ్మదగ్గది కాదు.

ఆయిల్, పెట్రోల్

ఆయిల్ డిప్‌స్టిక్ పై గీత దగ్గర ఉండాలి, ప్రతి రెండు సెషన్లకు చూడాలి. ఈ రెండు కార్లలోని బాక్సర్ ఇంజిన్లలో (సిలిండర్లు ఇరుపక్కలా పడుకుని ఉండేవి) పొడుగైన కుడి మలుపుల్లో ఆయిల్ పక్కకు ఒరిగి ప్రెషర్ తగ్గడం తెలిసిన సంగతే. జిగురు టైర్లు వేసుకున్నవారికి ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే పట్టు పెరిగితే ఒరుగూ పెరుగుతుంది. టైర్లకు ఖర్చు పెట్టేముందు ఆయిల్ ప్రెషర్ గేజ్ పెట్టించుకోండి. జులై, ఆగస్టుల్లో విల్లోస్‌లో వంద ఫారెన్‌హీట్ దాటడం సాధారణం. ఆ నెలల్లో విభాగం ట్రాక్ దినాలు పెట్టదు.

ట్రాక్ మీద మైలేజీ గ్యాలనుకు తొమ్మిది పది మైళ్లే. ఇరవై నిమిషాల సెషన్‌కు రెండున్నర, మూడు గ్యాలన్లు పోతాయి. నాలుగు సెషన్లకు 13.2 గ్యాలన్ల ట్యాంకు మొత్తం అయిపోయినట్టే. సగం కంటే తగ్గితే మలుపుల్లో పెట్రోల్ పక్కకు జరిగి ఇంజిన్ తడబడుతుంది. మధ్యాహ్న భోజనం వేళ విల్లోస్‌కు వెళ్లి నింపుకు రావడం అలవాటు చేసుకోండి.

టెక్ తనిఖీ

ట్రాక్ దినానికి ముందు వారం శనివారం విభాగం తరఫున తనిఖీ జరిపాం. చక్రాన్ని పైన, కింద పట్టుకుని కదిపితే వదులుగా ఊగకూడదు. బ్యాటరీ కదలకూడదు. ఆయిల్, కూలెంట్ కారకూడదు. బ్రేక్ లైట్లు మూడూ వెలగాలి. డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ తీసేయాలి, పెడల్ కింద ఇరుక్కుంటుంది. నీళ్ల సీసా, ఫోన్ చార్జర్, డిక్కీలోని స్ట్రోలర్, డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ, అన్నీ ఇంట్లో దింపి రావాలి. తనిఖీలో ఎక్కువగా మిగిలిపోయేవి సీటు కింద దొర్లిన వస్తువులే.

హెల్మెట్ స్నెల్ సంస్థ కారు రేసులకు ఇచ్చే ఎస్‌ఏ ముద్ర ఉన్నదే కొనండి. మోటార్‌సైకిల్ ఎం ముద్రను చాలా క్లబ్బులు ఒప్పుకోవు. ఎస్‌ఏ హెల్మెట్ లోపలి గుడ్డ నిప్పును తట్టుకుంటుంది. డ్రైవర్ సీటుకు హార్నెస్ (రెండు భుజాల మీదుగా కట్టే రేసు బెల్టు) పెట్టించుకుంటే పక్కన కూర్చునే శిక్షకుడికీ అలాంటిదే ఉండాలి. కంపెనీ బెల్టులతో ఉండటమే మొదటి ఏడాదికి మేలు.

ట్రాక్ మీద

ఉదయం డ్రైవర్ల సమావేశానికి ఆలస్యంగా వచ్చినవారిని ఆ రోజు నడపనివ్వరు. కొత్తవారి గ్రూపులో ఓవర్‌టేక్ చెప్పిన చోటే, అదీ ముందున్న డ్రైవర్ కిటికీలోంచి చెయ్యి చాపి ఏ పక్కనుంచి వెళ్లాలో చూపించాకే. కిటికీ అద్దం దించి ఉండాలి. వెనక కారు దగ్గరకొస్తే అడ్డంగా ఉండటం మర్యాద కాదు. చెయ్యి చూపించి యాక్సిలరేటర్ కొంచెం వదలండి.

పసుపు జెండా అంటే ముందు ప్రమాదం, ఓవర్‌టేక్ లేదు. పసుపు, ఎరుపు చారల జెండా అంటే రోడ్డు మీద ఆయిలో మట్టో ఉంది. నల్లజెండా మీకు చూపిస్తే పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆగే చోటికి) వచ్చేయాలి. ఎర్ర జెండాకు అద్దంలో చూసుకుని, కారును నియంత్రణలో ఉంచి ఆపాలి, ఒక్కసారిగా బ్రేకు తొక్కకూడదు.

రెండు చక్రాలు రోడ్డు దాటితే స్టీరింగ్ వెంటనే గుంజకండి. మట్టిలో పట్టులేని చక్రం తారు మీదికి రాగానే ఒక్కసారి పట్టి కారును అవతలి పక్కకు విసురుతుంది. నిటారుగా పోనిచ్చి, వేగం తగ్గాక నెమ్మదిగా ఎక్కించాలి. కారు గిరగిరా తిరిగిపోతే క్లచ్చు, బ్రేకు రెండూ పూర్తిగా తొక్కి పట్టాలి.

స్టెబిలిటీ కంట్రోల్ (జారే కారును తనంతట తాను సరిదిద్దే వ్యవస్థ) ఆపవద్దు. అది పదే పదే పని చేస్తుంటే వెనక బ్రేకులు వేడెక్కుతాయి. ఆ దీపం ఎక్కడ వెలిగిందో శిక్షకుడితో చర్చించండి, మీ పొరపాటు ఆ మలుపులోనే ఉంది. చివరి చుట్టు బ్రేకులు వీలైనంత తక్కువ వాడుతూ నడిపి, ప్యాడాక్‌లోకి (కార్లు నిలిపే మైదానంలోకి) వచ్చి హుడ్ తెరిచి ఉంచండి. విభాగం తరఫున పులిహోర, మజ్జిగ ఏర్పాటు చేశాం. మజ్జిగే ముందు ఖాళీ అయింది. మొదటిసారి వచ్చినవారు నాలుగో సెషన్ వదులుకున్నా నష్టం లేదు, అలసిపోయిన మనిషి పొరపాట్లన్నీ అక్కడే జరుగుతాయి.

బీమా

మామూలు కారు బీమాలు చాలావరకు ట్రాక్ మీది నష్టాన్ని మినహాయిస్తాయి, శిక్షణ అని చెప్పినా సరే. ఒక్క రోజుకు విడిగా ట్రాక్ బీమా దొరుకుతుంది. కారు పోతే భరించలేమనుకునేవారు అది తీసుకునే రావాలి. అప్పు మీద ఉన్న కార్లకు మేం దీన్ని తప్పనిసరి చేయమని కోరుతున్నాం.

ఊరికి తిరిగి వెళ్లిపోతున్న సభ్యులు అక్కడి సంగతి అడిగారు. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ (ఎలక్ట్రిక్ రేసు కార్ల) పోటీ జరిగినా అది నగర రోడ్ల మీద తాత్కాలికంగా వేసిన ట్రాక్. తెలుగువారికి అందుబాటులో ఉన్న శాశ్వత ట్రాక్‌లలో ఒకటి చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, 3.717 కిలోమీటర్లు. కోయంబత్తూరులో కారి మోటార్ స్పీడ్‌వే ఉంది. అక్కడి ఎండకు పైన రాసిన ఫ్లూయిడ్, ఆయిల్ మాటలు రెట్టింపు వర్తిస్తాయి.

వచ్చే ఏడాదికి

సమావేశం ఆమోదానికి ఇవి పెడుతున్నాం. మొదటిసారి వచ్చే సభ్యుడు బ్రేక్ ఫ్లూయిడ్ మార్చిన రసీదు చూపించాకే విభాగం బృందంతో రావాలి. సంఘం డబ్బుతో రెండు టార్క్ రెంచ్‌లు, ఒక మంచి గాలి గేజ్, ఒక అల్యూమినియం జాకీ కొనాలి. ఇప్పుడున్న గేజ్ రెండు పీఎస్‌ఐ తేడా చూపిస్తోంది. వసంతకాలంలో థండర్‌హిల్, శరదృతువులో లగూనా సెకా. లగూనాకు అంతకుముందు కనీసం రెండు శిక్షణ దినాలు పూర్తిచేసినవారికే పేరు ఇస్తాం. తనిఖీ శనివారానికి జాక్ స్టాండ్లు ఉన్న సభ్యులు వాటిని తెచ్చి సాయపడితే, ఒకేసారి రెండు కార్లు ఎత్తవచ్చు.

మోటార్ విభాగం కార్యవర్గం