మా వంతు రాకముందే పోటీ ముగించమనకండి

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికా ఎన్నికల మీద తెలుగు పత్రికల్లో ఏం వచ్చినా వదలకుండా చదువుతాను. ప్రైమరీల (పార్టీ అభ్యర్థి ఎవరో ఓటర్లే తేల్చే ఎన్నికల) కాలం వచ్చిందంటే చాలు, వాటిలో ఒక మాట తప్పకుండా కనిపిస్తుంది. వెనకబడిన అభ్యర్థి లెక్క తేలిపోయాక కూడా బరిలో ఎందుకుండాలి, పార్టీని దెబ్బతీయడానికి కాకపోతే, అని. ఇక్కడి టీవీల్లోనూ రాత్రంతా అదే చర్చ. ఇరవై ఏళ్లకు పైగా ఇండియానా రాష్ట్రంలో ఉంటూ, ఇక్కడే ఓటు వేస్తున్నవాణ్ణి కాబట్టి ఈ మాట నాకు అస్సలు నచ్చదు. ఎందుకో చెప్పాలనే ఈ ఉత్తరం.

ఇక్కడ ప్రైమరీలన్నీ ఒకేరోజు జరగవు. జనవరిలోనో ఫిబ్రవరిలోనో, ఎక్కడో అయోవాలోనో న్యూ హ్యాంప్‌షైర్‌లోనో మొదలై జూన్ దాకా సాగుతాయి. మా ఇండియానా వంతు మే నెల మొదటివారంలో వస్తుంది. అప్పటికి మామూలుగా అంతా అయిపోయి ఉంటుంది. అంటే అందరికంటే ముందు ఓటేసిన చిన్న రాష్ట్రం వాళ్లకు ఏడెనిమిది మంది అభ్యర్థుల్లో ఎంచుకునే అవకాశం, మాకు మాత్రం ఖాయమైపోయిన పేరు మీద ముద్ర వేసే పని. "లెక్క తేలిపోయింది" అంటున్నారే, ఆ లెక్కలో మా ఓటు ఇంకా పడనే లేదు కదండీ!

నాకు పౌరసత్వం వచ్చింది 2007లో. 2008 ప్రైమరీ నా జీవితంలో అమెరికాలో వేసిన మొదటి ఓటు. డెమొక్రాట్లలో పోటీ ఒబామాకీ హిల్లరీ క్లింటన్‌కీ మధ్య. ఆ ఫిబ్రవరిలో ఒబామా వరసపెట్టి గెలుస్తూ పోయాడు, డెలిగేట్లలో (పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధుల్లో) వందకు పైగా ఆధిక్యం వచ్చింది. డెమొక్రాట్లలో డెలిగేట్లను వచ్చిన ఓట్ల వాటాను బట్టి పంచుతారు కాబట్టి అంత వెనకబడ్డాక హిల్లరీ క్లింటన్ కొన్ని రాష్ట్రాలు గెలిచినా ఆ తేడా పూడదు, ఇది నిజమే. మార్చి నెలాఖరుకి వెర్మాంట్ సెనేటర్ ప్యాట్రిక్ లేహీ లాంటి పెద్దవాళ్లు బహిరంగంగానే ఆమెను తప్పుకోమన్నారు. అప్పటికింకా పెన్సిల్వేనియా, నార్త్ కరోలినా, మా ఇండియానా, ప్యూర్టోరికోతో కలిపి పది చోట్ల ఓటింగ్ జరగాల్సి ఉంది. ఆమె తప్పుకోలేదు. సొంత డబ్బు కోటి డాలర్లకు పైగా ప్రచారానికి అప్పుగా పెట్టి మరీ నిలబడింది.

ఆ ఏప్రిల్ నెల నేను మర్చిపోలేను. 1968లో రాబర్ట్ కెనెడీ పోటీ చేసినప్పటి తర్వాత డెమొక్రాట్ల ప్రైమరీలో మా రాష్ట్రాన్ని ఎవరైనా ఇంతగా పట్టించుకోవడం అదే మొదటిసారని ఇక్కడి పెద్దవాళ్లు అనేవాళ్లు. ఇద్దరు అభ్యర్థులూ ఊరూరా తిరిగారు, ఫ్యాక్టరీల దగ్గరికీ స్కూలు జిమ్ములకీ వచ్చారు, మూతపడ్డ పరిశ్రమల గురించీ పెట్రోలు ధరల గురించీ జనం అడిగినదానికి జవాబులు చెప్పారు. మే 6న పొద్దున ఆరింటికే వెళ్లి మా దగ్గరి చర్చిలో వరసలో నిలబడ్డాను, అప్పటికే నా ముందు చాలామంది ఉన్నారు. ఇక్కడ పార్టీ పేరుతో ముందుగా నమోదు చేసుకోనక్కర్లేదు, బూత్‌లో ఏ పార్టీ బ్యాలెట్ కావాలో అడిగి ఇస్తారు. ఆ రోజు ఒక్క డెమొక్రాట్ల ప్రైమరీలోనే పన్నెండు లక్షలకు పైగా ఓట్లు పడ్డాయి. లేక్ కౌంటీ లెక్కింపు ఆలస్యమై అర్ధరాత్రి దాకా ఫలితం తేలక మా ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి హిల్లరీ సుమారు పద్నాలుగు వేల ఓట్లతో గెలిచింది. నేను ఎవరికి ఓటేశానన్నది ఈ ఉత్తరానికి అనవసరం.

ఇక పార్టీకి నష్టం అన్న మాట. 2004లో డెమొక్రాట్లు ఇండియానాలో ఇరవై శాతానికి పైగా తేడాతో ఓడిపోయారు. 2008 నవంబరులో అదే ఇండియానాను ఒబామా గెలిచాడు, 1964లో లిండన్ జాన్సన్ తర్వాత అప్పటిదాకా ఇక్కడ ఏ డెమొక్రాటూ గెలవలేదు. ఒబామా ఆధిక్యం ముప్ఫై వేల లోపే. మే నెలలో గట్టి పోటీ లేకపోయుంటే కొత్త ఓటర్లు అంతమంది నమోదయ్యేవాళ్లా, ఇంటింటికీ తిరిగే కార్యకర్తలు అంతమంది తయారయ్యేవాళ్లా? ఆర్థిక సంక్షోభం కూడా కారణమే, కాదనను. కానీ ప్రైమరీలో వచ్చిన ఆ బలగమే నవంబరులో మా వీధిలో మళ్లీ కనిపించింది, అది నేను కళ్లారా చూశాను. నార్త్ కరోలినాలోనూ అంతే, 1976 తర్వాత మొదటిసారి డెమొక్రాట్లు అక్కడ గెలిచారు.

దీనికి ఎదురుగా 1976, 1980 ఎన్నికలను చూపిస్తారు. 1976లో రిపబ్లికన్లలో రీగన్ తన పార్టీ అధ్యక్షుడు ఫోర్డ్ మీద పోటీకి దిగి, తొలి ప్రైమరీలన్నీ ఓడిపోయి కూడా తప్పుకోక, నార్త్ కరోలినా గెలిచి, టెక్సాస్ గెలిచి, మా ఇండియానా కూడా గెలిచి, కాన్సస్ సిటీ మహాసభ దాకా వెళ్లి ఫోర్డ్ చేతిలో 1187కి 1070 ఓట్లతో ఓడిపోయాడు. నవంబరులో ఫోర్డ్ ఓడిపోయాడు. నాలుగేళ్ల తర్వాత డెమొక్రాట్లలో టెడ్ కెనెడీ అధ్యక్షుడు కార్టర్ మీద మహాసభ దాకా పోరాడాడు, కార్టరూ ఓడిపోయాడు. ఆ పోరాటాలు సొంత పార్టీ అధ్యక్షులకు ఎంతో కొంత దెబ్బే, ఒప్పుకుంటాను. కానీ ఫోర్డ్‌ను మాజీ అధ్యక్షుడు నిక్సన్‌కి ఇచ్చిన క్షమాభిక్ష ముంచింది, కార్టర్‌ను ధరలూ ఇరాన్ బందీల వ్యవహారమూ ముంచాయి. ప్రత్యర్థి మార్చిలోనే ఇంటికి వెళ్లిపోయుంటే ఇవన్నీ మాయమయ్యేవా? పైగా 1976లో రీగన్ మధ్యలో వదిలేసి ఉంటే 1980లో ఆ పార్టీని గెలిపించిన ఆ నాయకుడు దొరికేవాడా అని కూడా అడగాలి.

అయితే టెడ్ కెనెడీ చేసిన ఒక పని మాత్రం తప్పే అంటాను. ప్రైమరీలన్నీ అయిపోయి డెలిగేట్లు ఎవరివైపో తేలిపోయాక, వాళ్లను ఆ కట్టుబాటు నుంచి విడిపించాలని మహాసభలో పట్టుబట్టాడు. అంటే జనం వేసిన ఓటును పక్కన పెట్టమనడం. ఓటర్లందరి వంతూ అయ్యేదాకా నిలబడటం హక్కు, అయ్యాక కూడా కూర్చోకపోవడం వేరు. హిల్లరీ ఆ గీత దాటలేదు. ఆఖరి ప్రైమరీలు 2008 జూన్ 3న అయ్యాయి, 7వ తేదీన తప్పుకుని ఒబామాకు మద్దతు ప్రకటించింది, ఆగస్టులో డెన్వర్‌లో ఆయన్నే ఏకగ్రీవంగా ఎన్నుకోవాలని తానే ప్రతిపాదించింది. ఆ వేసవిలో ఆమె మద్దతుదారుల్లో కొందరికి కోపం చల్లారలేదు, నిజమే. ఏప్రిల్‌లోనే గెంటేసి ఉంటే ఆ కోపం ఇంకా పెరిగేదే కానీ తగ్గేది కాదని నా నమ్మకం.

అందరూ చివరిదాకా ఉండాలని కూడా నేను అనడం లేదు. ఏడెనిమిది మంది ఉన్నప్పుడు ఒకే రకం ఓట్లు చీలిపోతుంటే కొందరు తప్పుకోవడంలో అర్థం ఉంది, 2020 మార్చిలో సూపర్ ట్యూస్‌డేకి (చాలా రాష్ట్రాల్లో ఒకేసారి ప్రైమరీలు జరిగే మంగళవారానికి) ముందు డెమొక్రాట్ అభ్యర్థులు బూటజెజ్, క్లోబుచార్ అలాగే చేశారు. నా బాధంతా ఇద్దరే మిగిలినప్పటి సంగతి. ఆ రెండో మనిషి వెళ్లిపోతే ఇక మిగిలిన రాష్ట్రాల్లో జరిగేది ఎన్నిక ఎలా అవుతుంది?

2024లో అదే జరిగింది. రిపబ్లికన్లలో ట్రంప్‌కి పోటీగా చివరికి మిగిలిన నిక్కీ హేలీ మార్చి 6న తప్పుకుంది, మా ఓటింగ్ మే 7న. రెండు నెలల ముందే ఆమె వెళ్లిపోయినా పేరు బ్యాలెట్ మీద ఉండిపోయింది. ఇండియానా రిపబ్లికన్ ప్రైమరీకి వచ్చినవాళ్లలో ఐదింట ఒక వంతుకు పైగా ఆ పేరుకే ఓటు వేశారు! గెలవదని తెలుసు, పోటీలోనే లేదని తెలుసు, అయినా వెళ్లి వరసలో నిలబడి వేశారు. వాళ్లకు చెప్పుకోవాల్సిన మాట ఏదో ఉంది, వినిపించుకునే మనిషి లేదు, అంతే. 2016లో డెమొక్రాట్లలో బెర్నీ శాండర్స్ హిల్లరీ కంటే ఎప్పటినుంచో వెనకబడి ఉన్నా మా దగ్గరికి వచ్చి ప్రచారం చేసి గెలిచాడు. నామినేషన్ రాలేదు, కానీ ఆయన చెప్పిన ఆరోగ్య బీమా, కాలేజీ ఫీజుల మాటలు ఆ తర్వాత పార్టీలో ఎవరూ దాటవేయలేకపోయారు.

మన తెలుగు రాష్ట్రాల్లో టికెట్ ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది, బి-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి, కాదని నిలబడినవాడు రెబల్. బుజ్జగింపులు చూసి చూసి అలవాటైపోయి, ఇక్కడి ప్రైమరీలో వెనకబడినవాళ్లను కూడా మనవాళ్లు రెబల్‌ని చూసినట్టే చూస్తున్నారని నాకు అనిపిస్తుంది. రెంటికీ పోలికే లేదు. ఇక్కడ టికెట్ ఇచ్చేది ఓటరు, ఇంకా ఎంతోమంది ఇవ్వలేదు. 2008లో మిషిగన్, ఫ్లోరిడా రాష్ట్రాలు పార్టీ నిబంధనలు కాదని తమ ప్రైమరీలను జనవరికి ముందుకు జరుపుకొని, శిక్షగా మొదట డెలిగేట్లను పోగొట్టుకున్నాయి. చివర్లో ఉంటే ఎవరూ పట్టించుకోరన్న భయమే దానికి కారణం, ఆ భయం మాకు బాగా తెలుసు.

మళ్లీ 2028 వస్తోంది, రెండు పార్టీల్లోనూ చాలామంది దిగుతారు. మా అమ్మాయికి ఆ సెప్టెంబరులో పద్దెనిమిది నిండుతాయి. నవంబరు ఎన్నికలనాటికి పద్దెనిమిది నిండేవాళ్లను మా రాష్ట్రంలో పదిహేడేళ్లకే ప్రైమరీలో ఓటు వేయనిస్తారు, కాబట్టి ఆ మేలో తనకూ ఓటుంది. "అప్పటికి ఎవరైనా మిగులుతారా నాన్నా?" అని ఇప్పుడే అడుగుతోంది. మార్చిలో మీరు ఎన్నికల వ్యాసాలు వేసేటప్పుడు, ఇంకా ఓటు వేయని రాష్ట్రాలు ఎన్ని ఉన్నాయో కూడా పక్కన వేయండి.

ఇట్లు,
ఒక తెలుగు ఓటరు,
ఇండియానాపోలిస్, ఇండియానా