హామ్ రేడియోకు ఏ తీగ కట్టాలి?

సంపాదకులకు,

అయ్యా,

తుపాను వేళల్లో సెల్‌టవర్లు పనిచేయనప్పుడు హామ్ రేడియో (లైసెన్సు పొందిన ఔత్సాహికులు నడుపుకొనే రేడియో) ఎలా అక్కరకొస్తుందో వివరిస్తూ, కోస్తా జిల్లాల కళాశాలల్లో స్టేషన్లు నెలకొల్పాలని మీ పత్రిక ఇటీవల చేసిన సూచన సమయోచితమైనది. 2004 డిసెంబరు సునామీ నాడు పోర్ట్‌బ్లెయిర్‌లో ఉన్న హామ్‌లు అండమాన్ నుంచి సమాచారం బయటికి చేరవేసిన సంగతి తెలిసినవారెవరూ దానిని కాదనరు. అయితే అన్ని బ్యాండ్లలోనూ (పౌనఃపున్య శ్రేణుల్లోనూ) ఎస్‌డబ్ల్యూఆర్ అనే కొలత తక్కువగా చూపే తీగ ఏంటెన్నా కొంటే సరిపోతుందన్న మీ సలహాతో మాత్రం నేను ఏకీభవించలేను.

సెట్టు పంపిన శక్తిలో ఎంత భాగం వెనక్కి తిరిగివస్తున్నదో ఎస్‌డబ్ల్యూఆర్ చెబుతుంది గాని, మిగిలినది గాలిలోకి వెళ్లిందా, దారిలోనే వేడిగా మారిపోయిందా అన్నది చెప్పదు. పరీక్షల కోసం వాడే 50 ఓముల నిరోధం (డమ్మీ లోడ్) మీద మీటరు 1:1 అని, అంటే ఏమీ వెనక్కి రావడం లేదని, చక్కగా చూపుతుంది, కాని మాట పక్క వీధికి కూడా చేరదు. ‘ఆల్ బ్యాండ్’ పేరుతో అమ్మే, తీగకూ కేబుల్‌కూ పొంతన కుదిర్చే 9:1 ట్రాన్స్‌ఫార్మర్‌కు తోచినంత తీగ తగిలించిన ఏంటెన్నాలలో చాలావాటికి ఈ లోపం కొంతవరకు ఉంటుంది. పైగా సరైన ఎర్త్ లేకపోతే కేబుల్ లోహపు పైతొడుగే ఏంటెన్నాగా మారి, ఇంట్లోని ఎల్‌ఈడీ దీపాల రొదనూ ఇన్వర్టర్ రొదనూ రిసీవర్‌లోకి తెచ్చిపోస్తుంది.

కాబట్టి మొదట తేల్చుకోవలసింది ఎవరితో మాట్లాడాలన్నది. కాకినాడ నుంచి విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్‌లతో మాట్లాడవలసినవారికి కావలసిన దూరం వంద నుంచి నాలుగైదు వందల కిలోమీటర్లు. దానికి సాధారణంగా పగలు 7 మెగాహెర్ట్‌జ్, రాత్రి 3.5 మెగాహెర్ట్‌జ్ అనువైనవి; తరంగాలు దాదాపు నిట్టనిలువుగా పైకి వెళ్లి అయనావరణం అనే పై వాతావరణ పొర నుంచి కిందికి రావాలి గనుక రెండంతస్తుల మేడ ఎత్తున అడ్డంగా కట్టిన తీగ చాలు. జపానుతోనో ఐరోపాతోనో మాట్లాడాలనుకునేవారికి 14 మెగాహెర్ట్‌జ్, ఆపై బ్యాండ్లు కావాలి. అక్కడ తీగ కనీసం అర్ధ తరంగదైర్ఘ్యం, అంటే 14 మెగాహెర్ట్‌జ్‌కు పది మీటర్లకు పైగా ఎత్తున ఉంటే మేలు.

కళాశాలలకు నేను సూచించేది డైపోల్, అంటే నడుమ కేబుల్ కలిపిన రెండు సమాన భాగాల తీగ. 142.5ను మెగాహెర్ట్‌జ్‌లలోని పౌనఃపున్యంతో భాగిస్తే దాని పొడవు మీటర్లలో వస్తుంది. 7.1 మెగాహెర్ట్‌జ్‌కు సుమారు 20 మీటర్లు. కాస్త ఎక్కువగా కత్తిరించి, పైకి కట్టాక ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు చూస్తూ కొసలు తగ్గించుకోవాలి. ఇదే తీగ మూడు అర్ధతరంగాలుగా 21 మెగాహెర్ట్‌జ్‌లోనూ పనిచేస్తుంది. నడిమి బిందువు దగ్గరే 14 మెగాహెర్ట్‌జ్‌కు మరో పది మీటర్ల డైపోల్ కలిపి, కొసలను ఎడంగా కట్టుకుంటే ఒకే కేబుల్‌తో మూడు బ్యాండ్లు వస్తాయి.

మధ్యలో కేబుల్ దింపే వీలు లేనిచోట, ఒక కొసన 49:1 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టిన 20 మీటర్ల ఎండ్‌ఫెడ్ (కొస నుంచి శక్తి అందించే) తీగ 7, 14, 21, 28 మెగాహెర్ట్‌జ్‌లలో పనిచేస్తుంది. కాని చౌకరకం ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ శక్తికి వేడెక్కిపోతుంది, కేబుల్ పైతొడుగు మీద ప్రవాహాన్ని అడ్డుకునే చోక్ కూడా తప్పనిసరి. 41 మీటర్ల జాగా ఉన్నవారు అంత పొడవు తీగకు మూడింట ఒక వంతు దగ్గర 4:1 బాలన్‌తో (తీగకూ కేబుల్‌కూ పొంతన కుదిర్చే మరో రకం ట్రాన్స్‌ఫార్మర్‌తో) కేబుల్ కలిపితే 3.5 మెగాహెర్ట్‌జ్ కూడా దక్కుతుంది. అయితే 21 మెగాహెర్ట్‌జ్‌లో అది కుదరదు, ఎందుకంటే అక్కడ ఆ బిందువు దగ్గర విద్యుత్ ప్రవాహం కనిష్ఠంగా ఉంటుంది. అన్ని బ్యాండ్లకూ అంటూ అమ్మే జీ5ఆర్‌వీ ఏంటెన్నా సంగతికొస్తే, బ్రిటన్‌కు చెందిన లూయీ వార్నీ 1946లో దానిని రూపొందించింది ప్రధానంగా 14 మెగాహెర్ట్‌జ్‌ను దృష్టిలో ఉంచుకొని. మిగతా బ్యాండ్లలో చాలావాటిలో ట్యూనర్ (సెట్టుకూ ఏంటెన్నాకూ పొంతన కుదిర్చే పరికరం) లేనిదే సాగదు. ఈ సంగతి ప్రకటనల్లో కనిపించకపోవడం నాకు ఆశ్చర్యమేమీ కాదు.

ఏ తీగనైనా తెగి పడినా విద్యుత్ లైన్లను తాకనంత దూరంలో కట్టాలి. సముద్రపు గాలికి రాగి త్వరగా చెడుతుంది గనుక అతుకులకు నీరు చొరని టేపు చుట్టాలి. చెట్టుకు కట్టేటప్పుడు, గాలికి చెట్టు ఊగినా తీగ తెగకుండా కప్పీ మీదుగా బరువు వేలాడదీయాలి.

అన్నిటికంటే ముఖ్యం, పెద్ద తుపానులో ముందుగా నేలకూలేది ఈ తీగే. అందువల్ల 7 మెగాహెర్ట్‌జ్‌కు కొలిచి కోసిన మరో డైపోల్‌ను, దాని కేబుల్‌తో సహా చుట్టచుట్టి ప్రతి స్టేషన్‌లోనూ పొడిచోట దాచి ఉంచాలి. గాలి తగ్గాక ఒకే వెదురుబొంగు నడుమన నిలిపి రెండు కొసలనూ తాళ్లతో పక్కలకు వాల్చి కడితే చాలు. ఇద్దరు విద్యార్థులు చేయగల పని. కొసల దగ్గర వోల్టేజి ఎక్కువగా ఉంటుంది కాబట్టి వాటిని మనిషి చేతికి అందనంత ఎత్తులో కట్టాలి.

ఇట్లు,
ఒక హామ్ రేడియో లైసెన్సుదారు,
కాకినాడ