నియాన్ టెట్రాల అదృశ్యం వెనుక కారణం తేల్చిన మీకు కృతజ్ఞతలు

మొక్కలు నాటిన మా మంచినీటి అక్వేరియంలో నియాన్ టెట్రాలు అనే చిన్న చేపలు కళేబరం కూడా మిగలకుండా ఒక్కొక్కటిగా తగ్గిపోతున్నప్పుడు, పేరైనా చెప్పకుండా ఓపికగా దారి చూపిన మీకు హృదయపూర్వక కృతజ్ఞతలు. ముందుగా మూత సందులను, ఫిల్టరు నీటిని పీల్చే గొట్టాన్ని చూడమన్నారు. చచ్చిన చిన్న చేపను నత్తలు, రొయ్యలు రాత్రికి రాత్రే తినేయగలవు కనుక, కళేబరం దొరకనంత మాత్రాన ఏదో వేటాడిందని అనుకోవద్దన్నారు. ఆ తరువాతే, దీపాలు ఆర్పాక మసక ఎర్రని వెలుగులో గమనించమన్నారు. వాలిస్నేరియా అనే నీటి మొక్క ఆకుల మధ్య కదలకుండా నిలిచిన, అదే తొట్టిలోని ఏంజెల్ చేప, నిద్రలో ఉన్న టెట్రా వైపు మెల్లగా జరిగి ఒక్క ఉదుటున మింగడం కళ్లారా చూశాము. సుమారు 15 సెంటీమీటర్ల దాకా పెరిగే చేపకు 3 సెంటీమీటర్ల టెట్రా సహజమైన ఆహారమేనని, దానిని నిందించవద్దని మీరు చెప్పిన తీరు మాకెంతో నచ్చింది. ఏంజెల్‌ను వేరే తొట్టిలోకి మార్చాక టెట్రాలు తగ్గడం ఆగింది.